బ్లీచింగ్ వేసిన రోజే నల్లబడే నీళ్లు: మాంగనీసు గని పక్క ఊరి కేస్ స్టడీ

నేపథ్యం

విజయనగరం జిల్లాలో చీపురుపల్లి, గరివిడి వైపు మెట్ట పొలాల్లో నడిస్తే ఎర్రమట్టిలో అక్కడక్కడా నల్లరాయి కాలికి తగులుతుంది. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో ఈ ప్రాంతంలోనే మొదలైంది. గరివిడి దగ్గరి కోడూరు పేరు మీదే ఒక రాతికి 'కోడురైట్' అని పేరొచ్చింది. నూట ముప్పై ఏళ్లుగా తవ్వుతున్న నేల కనుక, గని రాకముందు నీళ్లు ఎలా ఉండేవో చెప్పే కాగితం ఏ ఊరికీ లేదు. ఈ కేసులో నాకు ఎదురైన కష్టాల్లో సగం అక్కడి నుంచే వచ్చాయి.

ఊరి పేరు, గని పేరు, సంవత్సరం రాయడం లేదు. గుర్తుపట్టడానికి వీలైన వివరాలు తీసేశాను. ఊరు పల్లంలో ఉంది, ఓపెన్‌కాస్ట్ గని, అంటే పైనుంచే తవ్వుకుపోయే గని, ఎగువన మెట్టు మీద ఉంది. గని డంపు (తవ్విపోసిన పనికిరాని మట్టి, రాళ్ల కుప్ప) పక్క నుంచి ఒక గెడ్డ, అంటే చిన్న వాగు, దిగి ఊరి చెరువులో కలుస్తుంది. చెరువు గట్టు కింద పంచాయతీ బోరు ఉంది. అందులోంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లెక్కించి ఇళ్లకు వదులుతారు. గని పిట్ (తవ్విన గొయ్యి) అడుగు ఊరి నేలబావుల అడుగు కంటే లోతుకు పోయింది. పిట్‌లో ఊరే నీటిని మోటార్లతో తోడి బయటకు పోస్తారు.

నీటి సంగతి తేల్చమని నన్ను పిలిచింది గని యాజమాన్యం. ఫీజు వాళ్లే ఇస్తారు, కానీ ప్రతి నివేదికా ఒకే రోజున వాళ్లకూ పంచాయతీకీ అందాలన్నది నా షరతు. దానికి ఒప్పుకున్నాకే పని మొదలుపెట్టాను.

ఊరు చెప్పింది

ఫిర్యాదులు రెండు. నేలబావులు ముందే ఎండిపోతున్నాయన్నది ఒకటి. కుళాయి నీళ్లు నల్లగా వస్తున్నాయన్నది రెండోది. ఊరికి ఇవి రెండూ ఒకటే, గని వల్ల వచ్చినవే. గనికీ రెండూ ఒకటే, తమకు సంబంధం లేనివి. నేను కూడా మొదటి నెల వాటిని కలిపే చూశాను. అలా చూడటం పొరపాటని ఆలస్యంగా తెలిసింది.

ఒక పెద్దాయన నన్ను తన బావి దగ్గరకు తీసుకెళ్లారు. "ఎండాకాలం బావి ఎండితే మాం ఏటీ అనుకోం బాబూ. సంకురాత్రికే అడుగు కనిపిస్తంటే ఏటనుకోవాల?" అన్నారు. నీళ్ల గురించి మాత్రం ఆడవాళ్లే కచ్చితంగా చెప్పారు. బట్టల మీద పడే మరక, గిన్నె అడుగున నల్ల పొర, పప్పు ఉడికాక మారే రంగు, అన్నీ చెప్పారు. వాళ్లలో ఒకావిడ చెప్పిన మాటను అప్పుడు నోట్‌బుక్‌లో రాసుకుని వదిలేశాను. "బ్లీచింగేసిన రోజే నలుపొస్తంది సారూ. ఎయ్యని రోజు తేటగానే ఉంటాయి." కేసు తాళం ఆ మాటలోనే ఉందని నాకు చాలా నెలల తర్వాత అర్థమైంది.

పాత నివేదికల్లో లోపం ఎక్కడుంది

గనికి అంతకుముందే మూడేళ్ల నీటి నివేదికలున్నాయి. ప్రతి పేజీలోనూ 'పరిమితుల్లోనే ఉంది' అని ఉంది. అందులో అబద్ధం లేదు. ల్యాబులో కొలిచిన అంకెలు సరైనవే. అయితే ఆ ప్రణాళిక బొగ్గు గని కోసం రాసిన నమూనాను తెచ్చి పెట్టినది. బొగ్గు గనులకు కేంద్రం 2000 సెప్టెంబరులో ఇచ్చిన ప్రమాణాల్లో, బయటకు వదిలే నీటికి ముఖ్యంగా చూడాల్సినవి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె) 5.5 నుంచి 9.0, తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు, నూనె గ్రీజు 10, నైట్రేట్ రూపంలో నైట్రోజన్ 10. బొగ్గుకు ఈ తీరు సబబే. బొగ్గు పొరల్లో ఇనుప గంధకం ఉంటే గాలి తగిలి ఆమ్లం పుడుతుంది, పీహెచ్ పడిపోతుంది, సల్ఫేటూ ఇనుమూ పెరుగుతాయి. అందుకే బొగ్గు దగ్గర పీహెచ్, సల్ఫేటు ముందుగా పసిగట్టే గుర్తులు. మన మాంగనీసు నేలలో ఖోండలైటు, కోడురైటు రాళ్లలో గంధకం అంత లేదు. ఏళ్ల తరబడి పీహెచ్ 7 దగ్గరే నిలబడి ఉంటుంది, లోపల జరిగేది దాంట్లో కనిపించదు.

మాంగనీసును ఏడాదికి ఒక్కసారే కొలిచారు. అది కూడా పిట్ నీటిలో, బయటకు వదిలే నీటి ప్రమాణంతో పోల్చి. ఆ ప్రమాణం లీటరుకు 2 మిల్లీగ్రాములు. తాగేనీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 0.1. వేరే దిక్కు లేనప్పుడు 0.3 దాకా ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈమధ్య సీసాపాలు తాగే పసిపిల్లలను దృష్టిలో పెట్టుకుని 0.08 అని తాత్కాలిక హద్దు పెట్టింది. అంటే కాలువకు పాసైన నీరు చెంబుకు ఇరవై రెట్లు ఎక్కువ కావచ్చు.

ఇక శాంపిల్ తీసిన చోట్లు. ఆరు చోట్లనూ మ్యాపు మీద పెట్టి చూశాను. ఆరూ జీపు వెళ్లే దారి పక్కనే ఉన్నాయి. రెండు బోర్లు గనికి ఎగువన ఉన్నాయి. పిట్‌కూ ఊరికీ మధ్య ఒక్కటీ లేదు. 'గెడ్డ దిగువ' అని రాసిన చోటు, డంపు కాలువ గెడ్డలో కలిసే చోటికి ఎగువనే ఉంది. అది చూశాక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడేళ్లపాటు ఎవరో నిజాయితీగా ఎండలో తిరిగి, గని తాకని నీటిని కొలిచి వచ్చారు.

మొదటి ప్రయత్నం, నా తప్పు

నేను ఇరవై చోట్ల శాంపిళ్లు తీసి, లోహాల పరీక్షకు చేసే పద్ధతిలోనే సీసాల్లో నైట్రిక్ ఆమ్లం వేసి ల్యాబుకు పంపాను. ఫలితాల్లో పిట్, గెడ్డ, చెరువు, అన్నిచోట్లా మాంగనీసు విపరీతంగా వచ్చింది. నేను తొందరపడి పంచాయతీ సమావేశంలో చెప్పేశాను. ఊరంతా భగ్గుమంది.

నెల తర్వాత మళ్లీ తీస్తే పిట్ నీటిలో అసలేమీ లేదు. కారణం వెతికితే తప్పు నాదే. మొదటిసారి నీటిని వడపోయకుండా ఆమ్లం వేశాను. నీటిలో తేలుతున్న సన్నటి నల్లమట్టి ఆమ్లంలో కరిగి, నీటిలో కరిగిన మాంగనీసుగా లెక్కకొచ్చింది. దీనికి ఉల్టా తప్పు కూడా ఉంది. వడపోయకుండా, ఆమ్లం కూడా వేయకుండా పంపితే, కరిగి ఉన్న మాంగనీసు దారిలో గాలి తగిలి సీసా గోడకు అంటుకుపోతుంది, ల్యాబులో తక్కువ చూపిస్తుంది. సరైన పద్ధతి, బావి దగ్గరే 0.45 మైక్రాన్ల ఫిల్టరు గుండా వడపోసి అప్పుడు ఆమ్లం వేయడం. పక్కనే రెండో సీసాలో వడపోయని శాంపిలూ తీయాలి, రెండింటికీ తేడా చూడాలి. బోరైతే గొట్టంలో నిలవ ఉన్న నీటికి మూడు రెట్లు తోడేసి, కండక్టివిటీ (నీటిలో కరెంటు పారే గుణం) నిలకడగా వచ్చాకే సీసా పట్టాలి.

మళ్లీ సమావేశానికి వెళ్లి, ముందు చెప్పినది తప్పని చెప్పాను. "గనోళ్లు డబ్బులిచ్చేరు" అని ఎవరో వెనకనుంచి అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. అయినా ఆ అనుమానం సహజం. తర్వాత నుంచి శాంపిల్ తీసేటప్పుడు ఊరి నుంచి ఇద్దరు పక్కనే ఉండాలని, రెండో సీసా పంచాయతీ ఆఫీసులో సీలు వేసి ఉంచాలని నియమం పెట్టుకున్నాం.

బావుల సంగతి

కేంద్ర భూగర్భ జల మండలి ఏడాదికి నాలుగుసార్లు, మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో బావుల మట్టం చూస్తుంది. గనుల పర్యావరణ అనుమతుల్లోనూ ఇంచుమించు అదే లెక్క. ఒక జిల్లా నీటి పోకడ తెలుసుకోవడానికి అది చాలు. ఈ బావి ఎందుకు దిగిందో చెప్పడానికి చాలదు. నాలుగు చుక్కలు కలిపితే వానా, గని మోటారూ, రైతుల మోటార్లూ, మూడూ ఒకే గీతలో కలిసిపోతాయి.

అందుకే పన్నెండు నేలబావులను, కొత్తగా వేసిన మూడు పీజోమీటరు బోర్లను (నీటి మట్టం చూడటానికే వేసే సన్నటి బోర్లు) వారం వారం కొలవడం మొదలుపెట్టాం. బావి పెరపెట్ ఎత్తులన్నీ లెవెల్ యంత్రంతో సర్వే చేశాం. పాత నివేదికల్లో నేల నుంచి ఎంత లోతో మాత్రమే ఉంది. నేల ఎత్తు తెలియనిదే ఏ బావి నీరు ఏ బావి వైపు పోతుందో చెప్పలేం. గుట్టకు అవతల, గని ప్రభావం చేరే అవకాశం లేని ఒక బావిని కూడా పోలిక కోసం పెట్టుకున్నాం. కొలిచింది ఇంటర్ చదివిన ఊరి పిల్లలు. వాళ్లకు టేపు, సుద్ద, నోట్‌బుక్ ఇచ్చాను.

సంక్రాంతికి భోగి నుంచి ముక్కనుమ దాకా గని మోటార్లు ఆగాయి. ఊరి వైపు రెండు బావుల్లో నీళ్లు లేచాయి. దొరికిపోయిందనుకున్నాను. రాసిన పిల్లల్లో ఒకడు నోట్‌బుక్ మూయకుండా, "పండక్కి మా నాన్నోళ్ల మోటార్లు కూడా ఆగిపోనాయి కదండీ" అన్నాడు. వాడు చెప్పింది నిజం. మొక్కజొన్నకు నీళ్లు పెట్టే మోటార్లు పండగ నాలుగు రోజులూ ఎవరూ వేయలేదు. రెండూ ఒకేసారి ఆగితే ఎవరి వల్ల లేచిందో చెప్పలేం.

ఫిబ్రవరిలో, వాన జాడ లేని రోజులు చూసి, గని మోటార్లను ఐదు రోజులు ఆపమని అడిగాను. తవ్వకం ఆగుతుందని యాజమాన్యం మొదట ఒప్పుకోలేదు. మూడేళ్ల నివేదికలు కోర్టులో నిలబడవని చెప్పాక ఒప్పుకుంది. రైతులు మాత్రం మామూలుగానే మోటార్లు వేయాలి, ఎన్ని గంటలు వేశారో రాయాలి. ఐదు రోజుల్లో ఆ రెండు బావుల్లో ఒకటి 40 సెంటీమీటర్లు, ఇంకోటి పాతిక దాకా లేచింది. గుట్ట అవతల బావి రోజూ కొద్దికొద్దిగా దిగుతూనే ఉంది. గని మోటార్లు మళ్లీ వేసిన మూడో రోజుకు ఆ రెండు బావులూ పాత మట్టానికి వచ్చాయి. ఆపితే లేవడమే కాదు, వేస్తే మళ్లీ దిగడం కూడా కనిపించింది కనుక ఇక వాదనకు చోటు లేకపోయింది.

నాకు ఆశ్చర్యమనిపించింది ఇంకొకటి. పిట్‌కు అతి దగ్గరి బావి కదల్లేదు. కదిలిన రెండూ దానికి రెట్టింపు దూరంలో ఉన్నాయి. పిట్ గోడలో చూస్తే కారణం తెలిసింది. దగ్గరి బావి వైపు ఖోండలైటు కుళ్లి జిగటమట్టి అయింది, అందులోంచి నీరు సులువుగా పారదు. రెండో వైపు పగుళ్లు పడిన పలుగురాతి చార ఒకటి సరిగ్గా ఆ రెండు బావుల వైపే పోతోంది. గని చుట్టూ కంపాస్‌తో వృత్తం గీసి ప్రభావ ప్రాంతం అనుకోవడం మన గట్టిరాతి నేలలో పనికిరాదు.

నలుపు సంగతి

పద్ధతి సరిచేసుకున్నాక వచ్చిన లెక్కలు చిక్కుముడిలా ఉన్నాయి. పిట్ నీటిలో కరిగిన మాంగనీసు 0.05 దగ్గర ఉంది. చెరువు పైనీటిలోనూ అంతే. చెరువు గట్టు కింది పంచాయతీ బోరులో మే నెలలో 0.2, డిసెంబరులో 1.4. గని నీటిలో లేనిది బోరులోకి ఎలా వస్తుంది? పైగా వానలు పడి నీరు పెరిగాక తగ్గాల్సింది పోయి పెరుగుతోంది.

అప్పుడు ఆవిడ మాట గుర్తొచ్చింది. నీళ్లు తోడినప్పుడు తేటగా ఉండి బ్లీచింగ్ తగిలాక నల్లబడితే, వచ్చేది నల్లమట్టి కాదు. రంగు లేకుండా కరిగి ఉన్న మాంగనీసు. క్లోరిన్ తగిలాక అది నల్లటి ఆక్సైడుగా బయటపడుతుంది. మాంగనీసు అలా కరిగి ఉండాలంటే నీటిలో ఆక్సిజన్ ఉండకూడదు. గాలి ఆడే పిట్‌లో, చెరువు పైన అది కరగదు. ఆక్సిజన్ లేని చోటు ఎక్కడో ఉంది.

డిసెంబరులో తెప్ప మీద చెరువు మధ్యకు వెళ్లి అడుగు నీరు తీశాం. ఆక్సిజన్ మీటరు దాదాపు సున్నా చూపింది. కుళ్లిన గుడ్డు వాసన కొట్టింది. అడుగు మట్టి నల్లగా, మెత్తగా, చేతికి పట్టింది పోనట్టుగా ఉంది. గట్టు మీద వరసగా గోగు కట్టలు ఆరబెట్టి ఉన్నాయి.

ఈ వైపు రైతులకు గోగు తాతల నాటి పంట. కోసిన గోగును కట్టలు కట్టి చెరువులో ముంచి, బరువులు పెట్టి, రెండు మూడు వారాలు ఊరబెడతారు. బెరడు కుళ్లితేనే నార ఊడుతుంది. ఆ కుళ్లుడు నీటిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. అది వందేళ్లుగా జరుగుతున్నదే, అప్పుడు నలుపు రాలేదు. కొత్తగా వచ్చింది డంపు. డంపు నుంచి వానల్లో, ముఖ్యంగా అక్టోబరు తుపాను వానల్లో కొట్టుకొచ్చిన మాంగనీసు మట్టి ఏళ్ల తరబడి చెరువు అడుగున పేరుకుంది. ఆక్సిజన్ ఉన్నంతకాలం అది రాయిలా పడి ఉంటుంది. గోగు ఊరే నెలల్లో కరుగుతుంది. గట్టు కింద బోరు మోటారు ఆ నీటిని లాగుతుంది. ఒక్క మట్టి ఉన్నా, ఒక్క గోగు ఉన్నా ఇంత జరగదు.

దీన్ని నిరూపించడానికి ఒక ఏడాది పట్టింది. తుపాను వాన రోజున డంపు కాలువలో గంట గంటకూ శాంపిళ్లు తీశాం. మొదటి రెండు గంటల్లోనే నీరు చిక్కటి కాఫీలా వచ్చి, తర్వాత పలచబడింది. నెలకోసారి తేట రోజున వెళ్లే మనిషికి ఆ రెండు గంటలు ఎప్పటికీ కనిపించవు.

ఊరికి చెప్పడం నాకు చాలా బరువైన పని. నష్టపోయిన వాళ్ల ముందు, ఇందులో మీ గోగుకూ భాగం ఉందని చెప్పాలి. ముందు రోజే పెద్దాయన ఇంటికి వెళ్లి విడిగా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "గోగు మాం మానీగలం. ఆ మట్టి ఎవులు ఎత్తుతారు?" అన్నారు. సమావేశంలో నా నివేదిక కంటే ఆయన ప్రశ్నే ఎక్కువ పనిచేసింది.

ఏం చేశాం, ఏది పనిచేయలేదు

ముందుగా ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర జల్లు ట్రేలు పెట్టి నీటికి గాలి తగిలేలా చేశారు. అది నేను చెప్పిన సలహా కాదు, అయినా వద్దని గట్టిగా అనలేదు. ఇనుము తగ్గింది, మాంగనీసు అలాగే ఉంది. పీహెచ్ 7 దగ్గర గాలి ఒక్కటే మాంగనీసును త్వరగా బయటకు తీయలేదు. తర్వాత వరస మార్చి, బ్లీచింగును ఇసుక ఫిల్టరుకు ముందు వేయించాం. మొదట్లో అంతంతమాత్రంగా ఉన్నా, కొన్ని వారాలకు ఇసుక రేణువుల మీద నల్లపూత పట్టింది. ఆ పూతే కొత్తగా వచ్చే మాంగనీసును పట్టుకోవడం మొదలుపెట్టాక నీరు 0.1 లోపుకు దిగింది. ఇసుక నల్లబడిందని వాటర్‌మ్యాన్ కడిగి పారేయబోతే ఆపాల్సి వచ్చింది.

అసలు పరిష్కారం తాగేనీటి బోరును చెరువు గట్టు నుంచి మార్చడం. గుట్ట వైపు కొత్త బోరు వేసి, రెండు కాలాల నీరు పరీక్షించాకే కనెక్షన్ ఇచ్చారు. డంపు చుట్టూ వాననీటిని పట్టే గార్లండ్ కాలువ, పాదం దగ్గర రాతి గోడ, చెరువుకు ముందు మట్టి దిగే మడుగు కట్టారు. గోగుకు గని ఖర్చుతో వేరే కుంట తవ్వించారు. చెరువు మట్టిని వేసవిలో ఎత్తారు. ఆ మట్టిని అలవాటు ప్రకారం పొలాలకు తోలుకుంటామని రైతులు అడిగారు. నీళ్లు నిలిచే వరి మడిలో మళ్లీ ఇదే కథ మొదలవుతుందని వద్దన్నాను. డంపు గోడ వెనక్కే పంపాం.

నీరు దిగిన రెండు బావుల రైతులకు, మడుగులో తేటపడిన పిట్ నీటిని పైపు వేసి ఇస్తున్నారు. పేలుళ్లలో అమ్మోనియం నైట్రేట్ వాడతారు కనుక, ఆ నీటిలో నైట్రేటు ప్రతి నెలా చూడాలని ఒప్పందంలో రాయించాను.

తర్వాతి కేసుల్లో నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఏ గనికి వెళ్లినా పరామితుల జాబితా చివరికి చూస్తాను. ముందు ఒక వాన రోజున గొడుగేసుకుని నీటి వెంట నడుస్తాను. ఖనిజం ఏదో, అది ఏ స్థితిలో కరుగుతుందో తేలాకే ఏం కొలవాలో రాస్తాను. బావి మట్టం, నీటి నాణ్యత, ఈ రెంటికీ రెండు వేరే కారణాలు ఉండొచ్చని మొదటి సమావేశంలోనే ఇరుపక్షాలకూ చెబుతాను. ఒక్కసారి వచ్చిన అంకెను ఊరి ముందు పెట్టను. ఇళ్లల్లో ఆడవాళ్లు నీటి గురించి చెప్పే మాటలకు నోట్‌బుక్‌లో వేరే పేజీ పెట్టుకుంటున్నాను. గిన్నె, బట్ట, పప్పు, ఇవి రోజూ జరిగే పరీక్షలు.

పాత బోరుకు ఎర్ర రంగు వేసి, తాగరాదని రాశారు. పశువులకు, బట్టలకు ఇంకా వాడుతున్నారు. కిందటి డిసెంబరులో అందులో మాంగనీసు 0.6 వచ్చింది. చెరువు మట్టి ఎత్తినా గట్టు కింద నేలలోకి ఇంకినది ఇంకా ఉంది. ఎన్నేళ్లకు పోతుందో లెక్క కట్టడానికి గట్టుకు అటూ ఇటూ ఇంకో రెండు పీజోమీటర్లు వేయమని అడిగాను, అనుమతి రావాలి. గోగు కుంటలో కిందటేడు నీళ్లు చాలక మూడు కుటుంబాలు మళ్లీ చెరువులోనే కట్టలు ముంచాయి. సంక్రాంతి నాడు కొలిచిన పిల్లాడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. సెలవులకు వచ్చినప్పుడల్లా తన తమ్ముడు రాసిన అంకెలు సరిచూసి, నోట్‌బుక్ ఫోటో తీసి నాకు పంపుతాడు.